లియర్‌లో ఆఖరి మాట ఎవరిది? షేక్‌స్పియర్ చదివేవాళ్లకి ఏ సైట్ ఎందుకు పనికొస్తుంది

ఎమ్మే ఇంగ్లీష్ చదివేటప్పుడు ఒక సెమినార్‌లో నేనూ నా పక్కన కూర్చునే అమ్మాయీ పావుగంట వాదించుకున్నాం. కింగ్ లియర్ ముగింపులో, శవాలన్నీ స్టేజి మీద పడున్నాక, ఈ దుఃఖం బరువు మోయక తప్పదు, అనాల్సింది కాకుండా అనిపించింది మాట్లాడదాం అనే అర్థం వచ్చే నాలుగు లైన్లు ఉంటాయి కదా, అవి ఆల్బనీ అంటాడని నేను, కాదు ఎడ్గర్ అంటాడని తను. నా చేతిలో నెట్‌లో మొదట దొరికిన చోటు నుంచి తీసిన ప్రింటవుట్లు, తన చేతిలో పుస్తకం. సార్ కాసేపు విని, ఇద్దరూ కరెక్టే, ఎందుకో ఇంటికెళ్లి కనుక్కోండి అని వదిలేశారు.

కనుక్కుంటే తేలిందేంటంటే, లియర్ 1608లో ఒకసారి చిన్న సైజు పుస్తకంగా అచ్చయింది, దాన్ని క్వార్టో అంటారు, అందులో ఆ మాటలు ఆల్బనీవి. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకి, 1623లో, ఆయన తోటి నటులిద్దరు 36 నాటకాలు కలిపి ఒక పెద్ద పుస్తకం వేయించారు, అది ఫస్ట్ ఫోలియో, అందులో అవే మాటలు ఎడ్గర్ నోట్లో ఉన్నాయి. పిచ్చెక్కిన లియర్ తన కూతుళ్లని బోనులో నిలబెట్టినట్టు ఊహించుకుని విచారణ జరిపే ఘట్టం ఉంది చూడండి, మూడో అంకంలో, అది క్వార్టోలో ఉంది, ఫోలియోలో లేదు. మనకి ఇదేం కొత్త కాదు, వేమన పద్యాలు సంకలనానికో రకంగా ఉంటాయి, భారతంలో పాఠాంతరాల గురించి పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. కానీ ఇంగ్లీష్ నాటకం అనేసరికి ఎందుకో అందరం ఒకే పుస్తకం ఉంటుందనుకుంటాం.

అందుకే జూనియర్లు "షేక్‌స్పియర్‌కి ఏ సైట్ మంచిదక్కా" అని అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు ఆ సైట్‌ని ఒక ప్రశ్న అడగమంటాను: నువ్వు చూపిస్తున్న పాఠం, అంటే నాటకంలోని మాటలు, ఏ ముద్రణ నుంచి తెచ్చినవి? దానికి జవాబు చెప్పే సైట్లు కొన్నే ఉన్నాయి. మిగతావి పనికిరావని కాదు, వాటి పని వేరు.

ఇంకో సంగతి, ఈ తలనొప్పి అన్ని నాటకాలకీ లేదు. ఫోలియోలో ఉన్న 36లో 18 నాటకాలు అంతకు ముందు అచ్చే కాలేదు. మాక్బెత్, టెంపెస్ట్, జూలియస్ సీజర్, ట్వెల్త్ నైట్, యాజ్ యూ లైక్ ఇట్ ఇవన్నీ ఆ బాపతే, వీటికి ఫోలియో ఒక్కటే ఆధారం. మీ సిలబస్‌లో ఉన్నది మాక్బెత్ అయితే పాఠం గురించి పెద్దగా టెన్షన్ పడకండి, ఏ సైట్ తెరిచినా దాదాపు ఒకటే ఉంటుంది. హామ్లెట్, లియర్, ఒథెల్లో, రోమియో జూలియట్, రిచర్డ్ ద థర్డ్ అయితే మాత్రం జాగ్రత్త పడాలి. హామ్లెట్ అయితే మరీను, 1603లో ఒకటి, 1604-05లో ఇంకొకటి, 1623 ఫోలియోలో మూడోది. ఆ 1603 దాంట్లో "టు బీ ఆర్ నాట్ టు బీ" తర్వాత "దట్ ఈజ్ ద క్వశ్చన్" ఉండదు, "అయ్ దేర్స్ ద పాయింట్" అని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పేరడీ రాశారనుకున్నాను.

చదవడానికి ఏది

ఎంఐటీ వాళ్ల షేక్‌స్పియర్ పేజీ 1993 నుంచి ఉంది. వెబ్‌లో సమగ్ర రచనలు మొట్టమొదట పెట్టింది తామేనని వాళ్లే రాసుకుంటారు. చూడటానికి కూడా అప్పటి సైట్‌లాగే ఉంటుంది, రంగులూ బొమ్మలూ యాడ్సూ ఏమీ లేవు. నాటకం మొత్తం ఒకే పేజీలో తెరుచుకుంటుంది, సిగ్నల్ ఒక గీత మీద ఉన్నా లోడవుతుంది, బస్సులో ఒక డైలాగ్ వెతుక్కోవాలంటే దీన్ని మించింది లేదు. ఇబ్బంది ఏంటంటే పేజీలో లైన్ నంబర్లు కనబడవు, నోట్సు ఒక్కటీ లేదు, పైగా ఆ పాఠం 19వ శతాబ్దపు గ్లోబ్ ఎడిషన్ నుంచి వచ్చింది. ఆ కాలపు సంపాదకులు క్వార్టోనీ ఫోలియోనీ కలిపి, ఎక్కడ ఏది బాగుందనిపిస్తే అది తీసుకుని ఒకే నాటకంగా అల్లేవాళ్లు. ఏ లైను దేంట్లోంచి తెచ్చారో ఈ పేజీలో మీకు తెలియదు. ఇందులో లియర్ ఆఖరి మాట ఆల్బనీదే.

ఫోల్జర్ అలా కాదు. వాషింగ్టన్ డీసీలో 1932లో తెరిచిన ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ వాళ్లది ఈ సైట్, ప్రపంచంలో మిగిలున్న ఫస్ట్ ఫోలియోల్లో 82 ప్రతులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. బార్బరా మోవట్, పాల్ వెర్‌స్టైన్ సంపాదకత్వం చేసిన పాఠాన్నే ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది బ్రాకెట్లు. నవ్వకండి, నిజంగానే. హామ్లెట్ తెరిస్తే రెండో క్వార్టోలో మాత్రమే ఉన్న లైన్లు ఒక రకం బ్రాకెట్లలో, ఫోలియోలో మాత్రమే ఉన్నవి ఇంకో రకం బ్రాకెట్లలో ఉంటాయి, సంపాదకులు సొంతంగా దిద్దిన చోట మూడో రకం గుర్తు. నాలుగో అంకంలో ఫోర్టిన్‌బ్రాస్ సైన్యాన్ని చూసి హామ్లెట్ తనని తాను తిట్టుకునే పెద్ద స్వగతం ఫోలియోలో లేదన్న సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, బ్రాకెట్టే చెప్తుంది. ఆ స్వగతం మీద పది పేజీల పేపర్ రాసేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

ప్రతి సీన్ ముందూ నాలుగైదు లైన్ల సారాంశం ఉంటుంది, పీడీఎఫ్, వర్డ్, మామూలు టెక్స్ట్ ఏది కావాలంటే అది దించుకోవచ్చు. లోపం ఒకటుంది. ఫోల్జర్ అచ్చు పుస్తకంలో ఎడమ పేజీ నిండా పదాల అర్థాలు ఉంటాయి, ఆన్‌లైన్ పాఠం పక్కన అవి దొరకవు. పుస్తకం చూసి అలవాటైనవాళ్లు ఫోన్‌లో తెరిచి "ఇదేంటి, అర్థాలేవీ?" అని అడుగుతారు. అర్థాలకి వేరే చోటికి వెళ్లాల్సిందే, దాని సంగతి తర్వాత చెప్తాను.

లైన్ నంబర్ల గోల కూడా ఇక్కడే తేల్చేస్తాను, ఎందుకంటే మార్కులు పోయేది ఎక్కువగా దీని దగ్గరే. పద్యంలో ఉన్న డైలాగులకి నంబర్లు ఎడిషన్ మారినా అటూ ఇటూగా కలుస్తాయి. వచనంలో ఉన్నవాటికి కలవవు, ఎందుకంటే వచనంలో లైన్ ఎక్కడ తెగుతుందన్నది పేజీ వెడల్పుని బట్టి ఉంటుంది. హామ్లెట్ స్మశానం సీన్ ఒక పుస్తకంలో ఒక నంబర్ చూపిస్తే ఇంకో పుస్తకంలో పదిహేను లైన్ల తేడా రావచ్చు. కాబట్టి మీ డిపార్ట్‌మెంట్ ఆర్డెన్ ఎడిషన్ వాడమంటే ఆర్డెన్ నంబర్లే ఇవ్వండి, ఆన్‌లైన్‌లో చదివి రాస్తే ఫోల్జర్ అని చెప్పి ఫోల్జర్ నంబర్లు ఇవ్వండి. రెండూ కలిపి వండొద్దు.

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌కి ఎక్కువ మాటలు అక్కర్లేదు. నెట్ లేని చోట ఫోన్‌లోనో కిండిల్‌లోనో చదవాలంటే ఈపబ్ దించుకోండి. ఒకే నాటకానికి నాలుగైదు ఫైళ్లు ఉంటాయి, ఏది ఏ ఎడిషన్ నుంచి వచ్చిందో కొన్నిటికి సరిగ్గా రాసి ఉండదు, అందుకే చదువుకోడానికి సరే గానీ పేపర్‌లో ఉటంకించడానికి నేను వాడను. లియర్ వెతికేటప్పుడు ఇక్కడే కాదు, ఎక్కడైనా ఇంకో ప్రమాదం ఉంది. 1681లో నేహమ్ టేట్ అనే ఆయన ఈ కథని మార్చేసి, లియర్‌నీ కార్డీలియానీ బతికించి, కార్డీలియాని ఎడ్గర్‌కిచ్చి పెళ్లి చేశాడు, ఇంగ్లండ్ స్టేజి మీద దాదాపు 150 ఏళ్లు అదే ఆడింది. పాత స్కాన్లలో అది కూడా కింగ్ లియర్ పేరుతోనే తగులుతుంది. టైటిల్ పేజీ చూడకుండా దించుకుంటే మన సినిమా వాళ్లు క్లైమాక్స్ మార్చినట్టు ఉంటుంది.

వెతకడానికి

ఒక పదం షేక్‌స్పియర్ ఎన్నిసార్లు వాడాడు, ఎవరి నోట వాడాడు అన్న ప్రశ్న వస్తే ఓపెన్ సోర్స్ షేక్‌స్పియర్ తప్ప ఇంకోటి చూడను. 8 లక్షల 80 వేల పైచిలుకు పదాలూ అందులో సూచీ కట్టి పెట్టారు. "నథింగ్" అనే పదాన్ని లియర్ ఒక్కదాంట్లోనే వెతకొచ్చు, ఒక పాత్ర డైలాగులు మాత్రమే విడిగా చూడొచ్చు, ఏ పాత్రకి ఎన్ని డైలాగులున్నాయో లెక్క కూడా చూపిస్తుంది. డిసర్టేషన్‌లో ఒక ప్రతీక మీదో ఒక పదం మీదో పని చేసేవాళ్లకి వారం రోజుల పని గంటలో అయిపోతుంది. కాకపోతే దీని పాఠం కూడా ఆ గ్లోబ్ ఎడిషనే, ఎంఐటీలాగే. కాబట్టి ఇక్కడ వెతకండి, దొరికిన లైన్‌ని ఫోల్జర్‌కి వెళ్లి సరిచూసుకోండి. హామ్లెట్ మొదటి స్వగతం ఇందులో "టూ టూ సాలిడ్ ఫ్లెష్" అని ఉంటుంది, అది ఫోలియో మాట. పాత క్వార్టోల్లో ఉన్నది "స్యాలీడ్" అని, దాన్ని ఫోల్జర్ వాళ్లు "సల్లీడ్" అని చదివారు, అంటే మైలపడ్డ శరీరం అని. గట్టి శరీరం కరిగిపోవడం వేరు, మైలపడ్డ శరీరం కరిగిపోవడం వేరు, మీ పేపర్ మొత్తం ఆ ఒక్క పదం మీద నిలబడితే పరిస్థితి ఏంటో ఆలోచించుకోండి.

ఒథెల్లో చివరి ప్రసంగంలో ఇంకా తమాషా. ముత్యం విలువ తెలియక పారేసుకున్నవాడితో తనని పోల్చుకుంటాడు కదా, ఆ పారేసుకున్నవాడు 1622 క్వార్టోలో "ఇండియన్", 1623 ఫోలియోలో "జూడియన్". పోస్ట్ కలోనియల్ థియరీ అంటూ మనవాళ్లు ఆ ఇండియన్ మీద పేజీలు నింపుతారు, నింపండి, కాదనను, కానీ రెండో పాఠం ఉందని ఒక ఫుట్‌నోట్‌లోనైనా ఒప్పుకోండి.

ఇదే సైట్‌కి ఇంకో ఉపయోగం కూడా ఉంది, వాట్సాప్ స్టేటస్‌ల తనిఖీ. నేనెప్పుడూ సంతోషంగా ఉంటాను, ఎందుకంటే ఎవరి నుంచీ ఏమీ ఆశించను అని షేక్‌స్పియర్ ఫొటో కింద తిరిగే కొటేషన్ ఉంది కదా, అది ఆయన రాసిన దేంట్లోనూ లేదు. అబద్ధాలతో సాలెగూడు అల్లుకుంటాం అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ లైన్ కూడా ఆయనది కాదు, అది వాల్టర్ స్కాట్ 1808లో రాసిన కవిత్వంలోది. కాలేజీ మ్యాగజైన్‌లో వేసే ముందు ఒక్కసారి వెతికితే పోయేదేం లేదు.

అర్థం కావడానికి

అర్థం కాని పదం మనకి పెద్ద ప్రమాదం కాదు, డిక్షనరీ తెరుస్తాం. అర్థమైందనుకున్న పదమే కొంప ముంచుతుంది. రాముడు నారచీరలు కట్టుకుని అడవికి వెళ్లాడంటే చీర అంటే అప్పట్లో బట్ట అని మనకి తెలుసు, చిన్నప్పటి నుంచి విన్నాం కాబట్టి. షేక్‌స్పియర్‌లోనూ ఇలాంటివే. జూలియట్ "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో" అంటే నువ్వెక్కడున్నావని కాదు, నువ్వు రోమియోవి ఎందుకయ్యావని. "ప్రెజెంట్లీ" అంటే వెంటనే. "ఫాండ్" అంటే చాలాచోట్ల తెలివితక్కువ. హామ్లెట్ దయ్యం వెనక పోతూ నన్ను ఎవడు "లెట్" చేస్తే వాణ్ని దయ్యాన్ని చేస్తా అంటాడు, అక్కడ ఆ మాటకి అడ్డుకోవడం అని అర్థం, ఇప్పటి వాడుకకి సరిగ్గా ఎదురు.

వీటికి రెండు మంచి చోట్లున్నాయి. భాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్, ఆయన కొడుకు, నటుడు బెన్ క్రిస్టల్ కలిసి చేసిన షేక్‌స్పియర్స్ వర్డ్స్ మనలాంటి వాళ్ల కోసమే అన్నట్టుంటుంది, పదం, ఆ నాటకంలో దాని అర్థం, అంతే, సుత్తి ఉండదు. రెండోది 1870లలో అలెగ్జాండర్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు ఒంటరిగా కూర్చుని తయారుచేసిన షేక్‌స్పియర్ నిఘంటువు, అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ల పెర్సియస్ సైట్‌లో ఉచితంగా ఉంది. ఇది పాతది, కళ్లకి కష్టం, కానీ ఒక్కో పదం ఏయే అర్థాల్లో ఎక్కడెక్కడ వచ్చిందో విడదీసి చూపిస్తుంది. మామూలు చదువుకి మొదటిది చాలు. థీసిస్ రాసేవాళ్లు రెండోది కూడా చూడండి.

ఇక స్పార్క్‌నోట్స్, లిట్‌చార్ట్స్. వీటిని వాడామని చెప్పుకోడానికి అందరూ సిగ్గుపడతారు, వాడనివాళ్లని మాత్రం నేను చూడలేదు. స్పార్క్‌నోట్స్‌లో నో ఫియర్ షేక్‌స్పియర్ అని ఒక పక్క అసలు పాఠం, ఇంకో పక్క నేటి ఇంగ్లీష్ ఉంటాయి. లిట్‌చార్ట్స్‌లోనూ ఇలాంటి అనువాదం ఉంది, దానికి తోడు ఇతివృత్తాలకి రంగులు వేసి, ఏ సీన్‌లో ఏది నడుస్తోందో ఆ రంగుతో చూపిస్తారు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే నా ఓటు లిట్‌చార్ట్స్‌కి, విశ్లేషణ కాస్త శ్రద్ధగా ఉంటుంది. పీడీఎఫ్‌లూ కొన్ని అదనపు సంగతులూ డబ్బు కడితేనే, అవి లేకపోయినా పని నడుస్తుంది. యూజీసీ నెట్ పరీక్షకి చదువుతూ, ఇంకా ముట్టని నాటకం కథ, పాత్రల పేర్లు త్వరగా కావాలంటే మొహమాటం లేకుండా వాడండి.

కానీ ఒక హద్దు. ఆ కుడిపక్క ఇంగ్లీష్‌ని మీ పేపర్‌లో ఉటంకించొద్దు, దాన్నిబట్టి విశ్లేషణ కూడా చెయ్యొద్దు. హామ్లెట్ మొట్టమొదటి మాటే శ్లేష: "ఎ లిటిల్ మోర్ దాన్ కిన్, అండ్ లెస్ దాన్ కైండ్". కైండ్ అంటే దయ, అదే మాటకి జాతి, స్వభావం అనే అర్థాలూ అప్పట్లో ఉన్నాయి. చిన్నాన్న తండ్రి స్థానంలోకొచ్చి కూర్చున్నాక ఆ కుర్రాడి కడుపులో మంటంతా ఆ రెండు పదాల చప్పుడులో ఉంది. దాన్ని మామూలు ఇంగ్లీష్‌లోకి మార్చగానే ఒక అర్థం మిగిలి రెండోది ఎగిరిపోతుంది. మన ప్రబంధాల్లో శ్లేష పద్యాన్ని తాత్పర్యం చదివి వదిలేస్తే ఏం మిగులుతుందో ఇక్కడా అంతే.

చాట్‌బాట్‌లని అడగడం గురించి కూడా చెప్పాలి, ఇప్పుడు అందరూ ముందు అక్కడికే పోతున్నారు కాబట్టి. కష్టమైన వాక్యాన్ని విడమరచి చెప్పమంటే బాగానే చెప్తాయి. ఏ విమర్శకుడు ఏ వ్యాసంలో ఏమన్నాడు అని అడిగితే మాత్రం లేని వ్యాసాన్ని పేజీ నంబర్‌తో సహా పుట్టించగలవు, అదీ చాలా నమ్మకంగా. అవి ఇచ్చిన ప్రతి లైన్‌నీ ఓపెన్ సోర్స్‌లో, ప్రతి వ్యాసాన్నీ జేస్టోర్ అనే జర్నల్ వ్యాసాల సైట్‌లో వెతికి, కనబడితేనే నమ్మండి.

అసలు పుస్తకాన్నే చూడాలనిపిస్తే

డిగ్రీ చదివేవాళ్లకి ఇది అవసరం లేదు, సరదాకి చూడొచ్చు. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకి తప్పదు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీ తమ ఫస్ట్ ఫోలియోని పేజీ పేజీ ఫొటోలు తీసి 2013లో ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ ప్రతికి పెద్ద కథే ఉంది. కొత్తగా మూడో ఫోలియో రాగానే 1660లలో దీన్ని పాతదని వదిలించుకున్నారు, మళ్లీ 1906లో చందాలెత్తి మరీ వెనక్కి కొనుక్కున్నారు. పాఠకుల చేతులు ఎక్కువగా పడి నలిగిపోయిన పేజీలు రోమియో జూలియట్‌వి, అందులోనూ బాల్కనీ సీన్ ఎదుటి పేజీ. నాలుగు వందల ఏళ్ల క్రితం స్టూడెంట్లు కూడా మనలాంటివాళ్లే.

క్వార్టోల పాత స్పెల్లింగ్ పాఠాలు టైపు చేసి కావాలంటే కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీలో 1996లో మొదలైన ఇంటర్నెట్ షేక్‌స్పియర్ ఎడిషన్స్ ఉంది. ఒకప్పుడు నేను అందరికీ మొదట చెప్పే పేరు ఇదే, ఒకే నాటకం క్వార్టో, ఫోలియో, ఆధునిక పాఠం మూడూ ఒకే చోట ఉండేవి, నోట్సుతో సహా. తర్వాత దాని సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది, ఆ పని ఇప్పుడు అదే యూనివర్సిటీలో లెమ్డో అనే కొత్త వేదిక మీద నడుస్తోంది. అన్ని నాటకాలూ ఒకే స్థాయిలో పూర్తయి లేవు, మీ నాటకం ఏ దశలో ఉందో చూసుకుని దిగండి. సైట్లు శాశ్వతం అనుకోకండి కూడా. 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే వాళ్ల ఆన్‌లైన్ సేకరణలు చాలాకాలం తెరుచుకోలేదు. కావలసిన పేజీ కనబడగానే సేవ్ చేసుకుని, తేదీ రాసి పెట్టుకోండి.

ఆయన జీవితం గురించి రాసేటప్పుడు, అసలు షేక్‌స్పియర్ అనేవాడే లేడు లాంటి వీడియోలు చూసి బుర్ర పాడుచేసుకోకుండా, షేక్‌స్పియర్ డాక్యుమెంటెడ్ తెరవండి. 2016లో, ఆయన పోయి 400 ఏళ్లయిన సందర్భంగా, ఫోల్జర్ వాళ్లు ఇంకొన్ని లైబ్రరీలతో కలిసి ఆయన బతికున్నప్పటి కాగితాలన్నీ ఒక చోట పెట్టారు. భార్యకి రెండో రకం మంచం రాసిచ్చిన ఆ వీలునామా కూడా చూడొచ్చు.

విమర్శ, వ్యాసాలు

ఇక్కడ డబ్బు ప్రశ్న వస్తుంది, కాబట్టి మీకు కాలేజీ లాగిన్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి దారి మారుతుంది. ప్రభుత్వ విద్యాసంస్థలో చదువుతుంటే ముందు మీ లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్, సుమారు 13 వేలు, ప్రభుత్వ సంస్థలకి అందుబాటులోకి వచ్చాయి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లూ అందులో ఉన్నాయి. ఎయిడెడ్, మామూలు డిగ్రీ కాలేజీలకి ఎన్-లిస్ట్ అని ఆన్‌లైన్ జర్నల్స్, పుస్తకాలు అందించే పథకం ఉంది. చాలా చోట్ల లాగిన్ ఉన్న సంగతి విద్యార్థులకి తెలియదు, అడిగితే గానీ ఎవరూ చెప్పరు.

ఏ లాగినూ లేనివాళ్లకి, దూరవిద్యలో చదివేవాళ్లకి జేస్టోరే దిక్కు. సొంత ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాల దాకా స్క్రీన్ మీద ఉచితంగా చదవనిస్తుంది, దించుకోనివ్వదు అంతే. నెలకి వంద వ్యాసాలు చదివేవాడు నాకింతవరకు తగల్లేదు కాబట్టి అది చాలు. అందులోనే అండర్‌స్టాండింగ్ షేక్‌స్పియర్ అని ఒకటుంది, ఫోల్జర్ పాఠం పక్కన ప్రతి లైన్‌కీ ఒక అంకె ఉంటుంది, ఆ లైన్‌ని ఎన్ని వ్యాసాలు ఉటంకించాయో అని. నొక్కితే వాటి జాబితా వస్తుంది. సెమినార్ పేపర్‌కి టాపిక్ దొరక్క కొట్టుకునేవాళ్లకి ఇది బంగారు గని, పెద్ద అంకె ఉన్న లైన్ అరిగిపోయిన లైన్, చిన్న అంకె ఉన్న దగ్గర ఆగి ఆలోచించండి. లైన్‌ని ఉటంకించినంత మాత్రాన వ్యాసం దాని గురించే అని కాదు, మూడొంతులు దారిన పోతూ పలకరించినవే ఉంటాయి.

పూర్తిగా ఉచితంగా దొరికే జర్నల్స్‌లో బారోవర్స్ అండ్ లెండర్స్ చూడండి. సినిమాల్లో, వేరే దేశాల్లో, వేరే భాషల్లో షేక్‌స్పియర్ ఏమయ్యాడన్న విషయాల మీద రాస్తారు, మనదేశం మీద పని చేసేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. పాత విమర్శకి కొనాల్సిన పనే లేదు. జాన్సన్ 1765 ముందుమాట, హాజ్‌లిట్ 1817 పుస్తకం, బ్రాడ్లీ 1904 ఉపన్యాసాలు అన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో గుటెన్‌బర్గ్‌లోనో దొరుకుతాయి. కార్డీలియా చావు తనని ఎంత కుదిపేసిందంటే, సంపాదకుడిగా దిద్దాల్సి వచ్చేదాకా ఆ చివరి సీన్లు మళ్లీ చదవగలిగానో లేదో అని జాన్సన్ రాసుకున్నాడు, గైడుల్లో అలాంటి వాక్యం దొరకదు.

శోధ్‌గంగా గురించి నా అభిప్రాయం కొంచెం కఠినం. మన యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడ లక్షల్లో ఉన్నాయి, కొన్ని చాలా బాగున్నాయి, కొన్ని ఎందుకున్నాయో తెలియదు. నేను వాటిని చివరి నుంచి చదువుతాను, అంటే గ్రంథసూచి నుంచి. మీ టాపిక్ మీద ఇదివరకే ఎవరైనా చేశారా, వాళ్లు ఏం చదివారు, అది తెలిస్తే చాలు. వికీపీడియా కూడా అంతే, కింద ఉన్న ఫుట్‌నోట్ల కోసం.

చూడటం, వినడం

నాటకం చూడకుండా చదివితే సగమే అంటారు, నిజమే గానీ ఫోన్‌లో మూడు గంటలు చూసే ఓపిక అందరికీ ఉండదు. వినడానికి లిబ్రివాక్స్‌లో వాలంటీర్లు చదివినవి ఉచితం, ఉచ్చారణ పట్టుబడుతుంది, నటన మీద ఆశలు పెట్టుకోవద్దు. చూడటానికి ఎంఐటీ గ్లోబల్ షేక్‌స్పియర్స్ అనే ఆర్కైవ్‌లో రకరకాల దేశాల ప్రదర్శనలు ఉన్నాయి, మనదేశానివి కూడా. 2012లో లండన్ గ్లోబ్ థియేటర్ 37 నాటకాల్ని 37 భాషల్లో ఆడించినప్పుడు హిందీ వెళ్లింది, గుజరాతీ వెళ్లింది, తెలుగు వెళ్లలేదు, నాకు ఇప్పటికీ కాస్త ఉక్రోషమే. ఏది చూసినా, ప్రదర్శనలో విన్న డైలాగ్‌ని అలాగే రాసేయకండి, దర్శకులు కత్తిరిస్తారు, సీన్లు ముందూ వెనకా చేస్తారు.

తెలుగులో షేక్‌స్పియర్

తెలుగు అనువాదాల మీద పని చేయాలనుకునేవాళ్లు ఈ మధ్య పెరుగుతున్నారు, మంచిదే. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ని, కందుకూరి వీరేశలింగం కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ని చమత్కార రత్నావళిగా తెలుగులోకి తెచ్చింది 19వ శతాబ్దంలోనే. ఇలాంటి పాత పుస్తకాలకి వెతకాల్సింది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు పెద్ద ఎత్తున అక్కడున్నాయి. చిక్కు ఏంటంటే చాలావాటికి పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో, అదీ ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. తెలుగు లిపిలో వెతికితే ఏమీ రాదు. దీర్ఘం తీసేసి, ఒత్తు తీసేసి, "శ"కి ఒకసారి ఎస్, ఇంకోసారి ఎస్‌హెచ్ పెట్టి, పేరు రాకపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ రాకపోతే "నాటకము" చివర ఎం పెట్టి ఒకసారి, ఎంయూ పెట్టి ఒకసారి, అలా తిప్పలు పడాలి.

దొరికాక ముందుగా టైటిల్ పేజీ తెరిచి ఎన్నో ముద్రణో, ఏ సంవత్సరమో రాసుకోండి, ఎందుకంటే ఇక్కడా అదే గొడవ, తర్వాతి ముద్రణల్లో మార్పులు చేసి ఉండొచ్చు. నాకు ఒక పాత అనువాదం నాలుగో స్పెల్లింగ్‌కి దొరికింది. రాత్రి ఒంటిగంటకి గంతేసినంత పనిచేసి తెరిస్తే, టైటిల్ పేజీ చిరిగిపోయి ఉంది.